"లెక్కలు రావు" అని ముందు ఎవరన్నారు?

మొన్న సంక్రాంతికి ఉయ్యూరు వెళ్ళాను. భోగి రోజు భోజనాలయ్యాక అందరం వసారాలో కూర్చున్నాం. మా అక్క కూతురి మ్యాథ్స్ నోటుబుక్కు ఎలాగో నా చేతికొచ్చింది. ఎనిమిదో తరగతి. లాభనష్టాల లెక్కలు. సగం పేజీలు ఖాళీ. ఇదేంటమ్మా అనడిగితే, "నాకు లెక్కలు రావు మావయ్యా" అంది. సిగ్గుపడుతూ కాదు, ఏడుస్తూ కాదు. బ్లడ్ గ్రూపు అడిగితే చెప్పినంత మామూలుగా చెప్పింది.

పక్కన పడక్కుర్చీలో మా అమ్మమ్మ అందుకుంది. "దానికీ నా పోలికే వచ్చిందిరా. మా ఇంటి ఆడపిల్లలకి లెక్కలు అచ్చిరావు."

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ రోజు పొద్దున్నే మా వీధిలో ఆవిడెవరో వచ్చి అమ్మమ్మని చీటీ గురించి అడిగింది. ఇరవై మంది, నెలకి ఐదు వేలు, లక్ష రూపాయల చీటీ. పదిహేను వేలు తోసి పాడుకుంటే ఏమవుతుంది అని ప్రశ్న. అమ్మమ్మ పూలు కట్టుకుంటూ, తలెత్తకుండా చెప్పింది. "చేతికి ఎనభై ఐదు వస్తాయి. తలకి ఏడొందల యాభై కలిసొస్తుంది. అదే డబ్బు బయట రూపాయిన్నర వడ్డీకి తెచ్చుకుంటే నీకు నయమేమో చూసుకో." కాగితం లేదు, కాలిక్యులేటర్ లేదు. ఈవిడకి లెక్కలు రావుట!

అప్పటినుంచీ ఈ విషయం నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఒకే ఇంట్లో అరవై ఏళ్ళ తేడా ఉన్న ఇద్దరు మనుషులు ఒకే వాక్యం అన్నారు. ఇద్దరికీ ఆ వాక్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? బగ్ దొరకాలంటే అది మొదట ఏ వెర్షన్లో దూరిందో వెనక్కి వెతుక్కుంటూ పోవాలి, మా వృత్తిలో చేసేది అదే. ఈ టపాలో నేను చేసిందీ అదే.

ముందుగా ఈ రోజుల్లో అందరూ చెప్పే జవాబు చూద్దాం. "ఆ పిల్లకి కాన్ఫిడెన్స్ లేదండీ. కాన్ఫిడెన్స్ వస్తే మార్కులు అవే వస్తాయి." స్కూళ్ళలో మోటివేషన్ క్లాసులు, గోడల మీద పోస్టర్లు, "నేను సాధించగలను" అని పదిసార్లు అనిపించడాలు, ఇవన్నీ ఈ నమ్మకంతో పుట్టినవే. వినడానికి బానే ఉంటుంది. కానీ లెక్క సరిపోదు.

ప్రపంచ దేశాల ఎనిమిదో తరగతి పిల్లలకి ఒకే రకం లెక్కల పరీక్ష పెట్టే టిమ్స్ అనే సర్వే ఒకటుంది. మార్కులతో పాటు "నీకు లెక్కలు బాగా వచ్చా?" అని కూడా అడుగుతారు. అమెరికాలో టామ్ లవ్‌లెస్ అనే ఆయన 2006లో ఈ లెక్కలు తీసి చూస్తే ఒక తమాషా బయటపడింది. మాకు బాగా వచ్చు అని ధీమాగా చెప్పిన పిల్లలు ఎక్కువున్న దేశాలకి మార్కులు తక్కువ. కొరియా, జపాన్ పిల్లలు మాకేం రావు అంటూనే ప్రపంచంలో ముందు వరసలో ఉన్నారు. సింగపూర్లో అస్సలు ధీమా లేని పిల్లలు కూడా అమెరికాలో బోలెడంత ధీమా ఉన్న పిల్లలకంటే ఎక్కువ తెచ్చుకున్నారు.

అయితే ఒకే దేశం లోపల చూస్తే కథ మారిపోతుంది. అక్కడ ధీమా ఉన్నవాళ్ళకే మార్కులు ఎక్కువ. అంటే ఏంటి? "నాకు లెక్కలు వచ్చు" అని పిల్లలు అనేది లెక్కల్ని చూసి కాదు, పక్కవాణ్ణి చూసి. తను ఎవరి పక్కన కూర్చుంది, ఎవరితో పోల్చబడింది, తనని ఏ వరసలో నిలబెట్టారు అన్న దాన్ని బట్టి. కాబట్టి కాన్ఫిడెన్స్ గురించి మాట్లాడాలంటే పిల్ల మనసులోకి చూసేముందు ఆ వరసలు ఎవరు గీశారో చూడాలి. అది చరిత్ర.

సరే, మన చరిత్రకొద్దాం.

తెలుగువాళ్ళకి లెక్కలు కొత్తేం కాదు. మన భాషలో దొరికిన తొలి పుస్తకాల్లోనే ఒక లెక్కల పుస్తకం ఉంది. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ రోజుల్లో పద్యం అంటే నోటికొచ్చేది, పదిమందిలో చెప్పుకునేది. లెక్క కూడా అలాగే అందరి నోళ్ళలో ఉండాలని ఎవరో ఒకాయన అనుకున్నాడన్నమాట.

తర్వాత వీధి బళ్ళు. ఇసకలో వేలితో అక్షరాలు దిద్దడం, ఎక్కాలు గొంతెత్తి వల్లించడం, వీసాలు పావులు ముప్పావులు నోటితో కట్టడం. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో బళ్ళు ఎన్నున్నాయో చెప్పమని కలెక్టర్లందర్నీ అడిగాడు. 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన జవాబు వాటిల్లో బాగా పేరున్నది. బళ్ళారి జిల్లాలో మొత్తం 533 బళ్ళు, వాటిల్లో 226 తెలుగు బళ్ళు. చదివే పిల్లలు 6,641 మంది. బాగా వచ్చిన పిల్లలు రానివాళ్ళకి నేర్పే పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు కూడా. అంతకుముందే మద్రాసులో ఆండ్రూ బెల్ ఈ రకం పద్ధతిని పట్టుకెళ్ళి ఇంగ్లండులో "మద్రాసు పద్ధతి" అని ప్రచారం చేశాడు. గర్వపడదాం, తప్పులేదు.

కానీ ఆ జవాబులోనే ఇంకో అంకె ఉంది. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు అరవై మంది. వందకి ఒక్కరు కూడా కాదు. "మన ప్రాచీన విద్య ఎంత గొప్పదో" అని రాసేవాళ్ళు మొదటి అంకె చెప్పి ఆగిపోతుంటారు. రెండో అంకె కూడా చదవాలి. ఆ రోజుల్లో ఆడపిల్లకి లెక్కలు రావు అని ఎవరూ అనక్కర్లేదు. బడి గుమ్మంలోకే రానివ్వలేదు కదా. బగ్ మొదటి వెర్షన్ ఇదీ.

మరి గుమ్మం తెరిచాక? అక్కడే మా అమ్మమ్మ కథ వస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత 1952-53లో ముదలియార్ కమిషన్ హైస్కూలు చదువు ఎలా ఉండాలో చెప్పింది. రకరకాల అభిరుచులకి రకరకాల కోర్సులుండాలంది. ఆడపిల్లల స్కూళ్ళలో హోం సైన్సుకి వసతి ఉండాలంది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ నలుగురికీ నాలుగు దారులు అని కాగితం మీద రాస్తే, ఊళ్ళోకి వచ్చేసరికి "నీది ఆ దారి, నీది ఈ దారి" అయిపోతుంది. 1960లలో మన వైపు హైస్కూళ్ళలో లెక్కలు రెండు రకాలుగా ఉండేవి. కాంపోజిట్ లెక్కలు, జనరల్ లెక్కలు. మీ ఇంట్లో డెబ్భై దాటినవాళ్ళుంటే అడిగి చూడండి, వెంటనే చెప్తారు తమది ఏదో. కాంపోజిట్ అంటే ఆల్జీబ్రా, జామెట్రీ గట్టిగా ఉండేది. ముందుముందు సైన్సు, ఇంజినీరింగు వైపు పోవాలంటే అది కావాలి. జనరల్ అంటే తేలిక రకం.

అమ్మమ్మ చెప్పిన ప్రకారం ఆవిడ క్లాసులో ఆడపిల్లలు తొమ్మిది మంది. మేష్టారు వచ్చి, "ఆడపిల్లలంతా జనరలే కదా" అని పేర్లు రాసేసుకున్నారట. ప్రశ్న కూడా కాదది. అప్పటిదాకా ఆవిడకి లెక్కల్లో మంచి మార్కులే వచ్చేవట. "నువ్వేమీ అడగలేదా అమ్మమ్మా?" అంటే, "ఏమని అడుగుతాంరా? మాకూ అదే నయమనిపించింది. తొమ్మిదిమందిమీ ఒక్కచోట ఉంటాం కదా అని" అంది. పక్కగదిలో మగపిల్లలు సిద్ధాంతాలు నిరూపిస్తుంటే వినబడేదట. ఓ రెండేళ్ళు పోయాక ఎవరైనా అడిగితే "నాకు లెక్కలు రావు" అనడం మొదలుపెట్టింది. అబద్ధం కూడా కాదు. నేర్పంది ఎలా వస్తుంది?

ఈ క్రమం జాగ్రత్తగా చూడండి. ధీమా లేక వెనకబడలేదు. ముందు వరస మార్చారు, తర్వాత చదువు తేలికైంది, ఆ తర్వాత రాకుండా పోయింది, ఆఖర్న ధీమా పోయింది. అరవై ఏళ్ళ తర్వాత చూసేవాళ్ళకి ఆ ఆఖరిది మాత్రమే కనబడుతుంది. దాన్నే మొదటి కారణం అనుకుంటారు.

ఆ కాలంలో ఇది తప్పని చెప్పినవాళ్ళు లేకపోలేదు. ఆడపిల్లలకీ మగపిల్లలకీ పాఠాలు వేరుగా ఉండాలా అన్నది తేల్చడానికి హంసా మెహతా అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. చదువు మనిషి శక్తిని బట్టీ ఇష్టాన్ని బట్టీ ఉండాలి గానీ ఆడా మగా అన్నదాన్ని బట్టి కాదని 1964లో ఆ కమిటీ తేల్చి చెప్పింది. 1966లో కొఠారీ కమిషన్ ఇంకో అడుగు ముందుకేసి, మొదటి పదేళ్ళ చదువులో లెక్కలూ సైన్సూ అందరికీ తప్పనిసరి కావాలంది. ఆ తర్వాత తరాలకి పదో తరగతి దాకా అందరికీ ఒకే లెక్కలు వచ్చాయంటే దాని వెనక ఈ రెండు నివేదికలున్నాయి. మా అమ్మకి జనరలూ కాంపోజిటూ అంటే ఏంటో తెలీదు. అంటే పాలసీ ఒక తరంలో గోడ కడుతుంది, ఇంకో తరంలో పడగొడుతుంది కూడా. గోడ పడ్డాక దాని నీడ మాత్రం ఇళ్ళలో మిగిలిపోతుంది. "మా ఇంటి ఆడపిల్లలకి లెక్కలు అచ్చిరావు" అన్నది ఆ నీడే.

ఇంతవరకూ పాతకథ. మరి నా తరం?

ఉయ్యూరు అంటే చక్కెర ఫ్యాక్టరీ. 1940ల నుంచీ మా చుట్టుపక్కల పొలాల లెక్కంతా చెరుకు కాటా చుట్టూ తిరిగింది. ఆ కె.సి.పి. ఫ్యాక్టరీకి మూలపురుషుడు వెలగపూడి రామకృష్ణ. ఆయన పేరుతోనే 1977లో విజయవాడ పక్కన కానూరులో సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. రాష్ట్రంలో మొట్టమొదటి ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీ అదే. మా ఊరి డిగ్రీ కాలేజీ పేరులోనే చెరుకు రైతులున్నారు, ఏజీ అండ్ ఎస్జీలో ఎస్జీ అంటే షుగర్‌కేన్ గ్రోయర్స్. కాలవ నీళ్ళు చెరుకైంది, చెరుకు డబ్బైంది, డబ్బు కాలేజీలైంది. డెల్టా కథ ఒక్క ముక్కలో చెప్పాలంటే అంతే.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ చట్టం చేసింది. సీటు డబ్బుతో కాదు, ర్యాంకుతో అన్నారు. ఆ దశాబ్దంలోనే ఎంసెట్ వచ్చింది (ఇప్పుడు ఆంధ్రలో ఈఏపీసెట్ అంటున్నారు). ఇది చాలామందికి మేలు చేసింది, నాతో సహా. కానీ ఆ పరీక్షలో 160 మార్కులకి 80 లెక్కలే. ఫిజిక్సు 40, కెమిస్ట్రీ 40. అంటే ఇంటికి ఒక ఉద్యోగం రావాలన్నా, అప్పు తీరాలన్నా, అమెరికా వెళ్ళాలన్నా గేటు దగ్గర నిలబడి ఉన్నది లెక్కలే. ఒక సబ్జెక్టు మీద ఇంత బరువు పెడితే, అందులో మార్కు తగ్గడం అంటే మార్కు తగ్గడం కాదు, మనిషి విలువ తగ్గడం.

నేను చదివిన ఇంటర్ కాలేజీ పేరు చెప్పను, ఏదైనా ఒకటే. ర్యాంకుని బట్టి సెక్షన్లు. వారం వారం పరీక్ష, దాన్ని బట్టి పైకీ కిందకీ. పై సెక్షన్‌కి పేరున్న లెక్చరర్లు, కింది సెక్షన్‌కి కొత్తగా చేరినవాళ్ళు. నా రూమ్మేట్ ఒకడు జిల్లాపరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివి వచ్చాడు. పదో తరగతి లెక్కల్లో నాకంటే వాడే బాగా చేశాడు. వర్గ సమీకరణం వాడికి కంఠతా వచ్చు. క్వాడ్రాటిక్ ఈక్వేషన్ అంటే తెలీదు. కరణి తెలుసు, సర్డ్ తెలీదు. సంవర్గమానం తెలుసు, లాగరిథమ్ అంటే భయం. రెండూ ఒకటేనని వాడికి ఎవరైనా ఒక నెల రోజులు కూర్చుని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ మొదటి నెలలోనే మూడు పరీక్షలు అయిపోయాయి, వాడు ఆఖరి సెక్షన్‌కి వెళ్ళిపోయాడు. దసరా సెలవులకి ఇంటికి వెళ్తూ బస్సులో నాతో అన్నాడు, "నాకు మ్యాథ్స్ రావని తేలిపోయింది బావా" అని. నాలుగు నెలల క్రితం మాకు లెక్కలు చెప్పిన మనిషి!

మా అమ్మమ్మకి మేష్టారు పేర్లు రాసుకున్న రోజుకీ, వీడి పేరు నోటీసు బోర్డులో కిందకి దిగిన రోజుకీ నాకు పెద్ద తేడా కనబడదు. ఆవిడకి ఆడపిల్ల అన్న పేరు మీద, వీడికి మెరిట్ అన్న పేరు మీద. రెండోది ఇంకా ప్రమాదం, ఎందుకంటే దాన్ని తిట్టుకోడానికి కూడా ఎవరూ దొరకరు. తప్పంతా మనదే అనిపిస్తుంది.

"ఇవన్నీ మీ ఇంటి కథలు, ఆధారం ఏంటి?" అని అడగొచ్చు. అడగాలి కూడా.

మన రాష్ట్రం పిల్లల చదువుల మీద ప్రపంచంలోనే పేరున్న పరిశోధన ఒకటి జరిగింది. 2005 నుంచి ఐదేళ్ళ పాటు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో పల్లెటూరి ప్రభుత్వ ప్రాథమిక బళ్ళలో, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌ల ఆధ్వర్యంలో ఏటా పిల్లలకి తెలుగు, లెక్కల పరీక్షలు పెట్టారు. ఆ లెక్కలతో మురళీధరన్, కేతకీ శేఠ్ ఆడపిల్లల సంగతి విడిగా చూశారు. ఒకే పిల్లల్ని ఏటేటా చూస్తూపోతే, ఆడపిల్లలు మగపిల్లలతో పోలిస్తే ఏడాదికి కొంచెం కొంచెంగా వెనకబడుతున్నారు. భాషలో తక్కువ, లెక్కల్లో దానికి రెట్టింపు. స్టాండర్డ్ డీవియేషన్‌లో చెప్పాలంటే లెక్కల్లో ఏడాదికి 0.02. చాలా చిన్న అంకె, ఒక్క ఏడాదిలో ఏ మేష్టారికీ కనబడదు. కానీ చక్రవడ్డీ గురించి మనకి వేరే చెప్పక్కర్లేదు కదా. పుట్టుకతో వచ్చిన తేడా అయితే మొదటిరోజు నుంచీ అంతే ఉండాలి, బళ్ళో ఉన్న కొద్దీ ఎందుకు పెరుగుతుంది?

అసలు సంగతి తర్వాత ఉంది. పాఠం చెప్పేది టీచరమ్మ అయిన ఏడాదిలో ఆడపిల్లలకి అదనంగా 0.036 కలిసొచ్చింది. ఏడాదికి పోయేదానికంటే అది ఎక్కువే! మగపిల్లలకి ఏమైనా నష్టం వచ్చిందా అంటే, రాలేదు. పాఠాలు అవే, పుస్తకం అదే, బడి అదే. బోర్డు దగ్గర నిలబడ్డ మనిషి మారింది. ఎందుకు మారుతుందో నా ఊహ నాకుంది. లెక్క చేస్తున్న మనిషి నాలాంటిదే అని ఆ పిల్లకి రోజూ కనబడుతుంది. ఏ పోస్టరూ చెయ్యలేని పని అది.

అదే పరిశోధనలో ఇంకోటి కూడా చేశారు. కొన్ని బళ్ళలో పిల్లలకి పరీక్ష పెట్టి, ఎవరు ఎందులో వెనకబడ్డారో టీచర్లకి వివరంగా రిపోర్టు ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే మార్కుల్లో తేడా ఏమీ లేదు. అంటే ఎవరికి రాదో తెలుసుకోవడం వేరు, నేర్పడం వేరు. మన కాలేజీల్లో వారం వారం జరిగేది మొదటిదే.

వరసలు గీస్తే ఏమవుతుందో తెలియాలంటే ఇంకో ప్రయోగం చెప్పాలి. ఇది మన దగ్గర కాదు, ఉత్తరప్రదేశ్ పల్లెల్లో. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే 2003లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకి కాగితం మీద చిక్కుదారుల పజిల్స్ ఇచ్చారు, చేసినదానికి డబ్బులిస్తామన్నారు. కులం ఊసెత్తనప్పుడు దళిత పిల్లలు, అగ్రకులాల పిల్లలు సమానంగా చేశారు. అందరి ముందూ ఒక్కొక్కరి పేరు, ఊరు, కులం చదివి తర్వాత పజిల్స్ ఇచ్చినప్పుడు దళిత పిల్లలు బాగా తగ్గిపోయారు. అవే పజిల్స్, అలాంటి పిల్లలే. మధ్యలో జరిగింది ఒక హాజరుపట్టీ చదవడం మాత్రమే. ఆ మాటకొస్తే మన హాస్టళ్ళలో సెక్షన్ పేరు, మీడియం పేరు, ఏ ఊరి బడి అన్న పేరు రోజూ చదువుతూనే ఉంటారు.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక కోసం లెక్కల బోధన మీద ఒక బృందం పత్రం రాసింది. మన బళ్ళలో లెక్కల సమస్యలు వరసగా చెప్తూ అందులో మొట్టమొదట పెట్టినది, చాలామంది పిల్లల్లో ఉన్న భయం, ఓడిపోయామన్న భావం. సిలబస్సు కాదు, టీచర్ల కొరత కూడా కాదు. భయం!

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, నాకే వచ్చింది. "అందర్నీ ఒకే గదిలో కూర్చోబెడితే వెనకున్నవాడు ఇంకా వెనకబడడా? స్థాయిని బట్టి విడగొట్టడం తప్పా?" తప్పు కాదు. వడోదర, ముంబైలలో ప్రథమ్ సంస్థ 2000ల మొదట్లో చేసిన పని చూడండి. వెనకబడ్డ పిల్లల్ని రోజూ రెండు గంటలు బయటికి తీసుకెళ్ళి, ఆ ప్రాంతపు అమ్మాయి ఒకామె వాళ్ళ స్థాయి నుంచే మొదలుపెట్టి నేర్పింది. బాగా ఫలితం వచ్చిందని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం లెక్కగట్టి చూపించింది. అక్కడా పిల్లల్ని విడగొట్టారు. తేడా ఏంటంటే, అక్కడ విడగొట్టింది వెనకున్నవాడికి ఎక్కువ ఇవ్వడానికి. మన దగ్గర విడగొట్టేది ముందున్నవాడికి ఎక్కువ ఇవ్వడానికి. ఒకటి వైద్యం, ఇంకోటి వడపోత.

మళ్ళీ అమ్మమ్మ దగ్గరికొద్దాం. చీటీ లెక్క నోటితో చెప్పేసే మనిషికి లెక్కలు రావని ఎలా అంటాం? దీనికీ పరిశోధన ఉంది. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధుల్లో కొబ్బరిబోండాలవీ అమ్మే పిల్లల్ని కొనేవాళ్ళలా వెళ్ళి లెక్కలడిగితే నూటికి 98 సరిగ్గా చెప్పారు. అవే లెక్కల్ని బడి పద్ధతిలో కాగితం మీద అంకెలుగా ఇస్తే నూటికి 37. ఇది 1985 నాటి మాట. 2025లో బెనర్జీ, డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద ఇలాంటిదే చూసి ప్రచురించింది. బజారు పిల్లలకి బడి లెక్క రాలేదు, బడి పిల్లలకి బజారు లెక్క రాలేదు. రెండువైపులా తెలివికి లోటు లేదు. మధ్యలో వంతెన లేదు.

ఆ రోజు సాయంత్రం నేను చేసింది పెద్ద ఘనకార్యమేం కాదు. అమ్మమ్మనీ మేనకోడల్నీ పక్కపక్కన కూర్చోబెట్టాను. అమ్మమ్మ చీటీ లెక్క ఎలా కడుతుందో నోటితో చెప్పాలి, పిల్ల దాన్ని కాగితం మీద రాయాలి. "తోసిన డబ్బుని మనుషులకి పంచాలి" అంది అమ్మమ్మ. పదిహేను వేలు బై ఇరవై అని రాసింది పిల్ల. "తోసింది ఎంతో తెలీదనుకో, తలకి ఆరొందలు వచ్చిందనుకో?" అన్నాను నేను. అమ్మమ్మ పన్నెండు వేలు అని వెంటనే చెప్పేసింది. పిల్ల కాసేపు చూసి, తెలీనిదాన్ని ఎక్స్ అనుకుని, బై ఇరవై ఈక్వల్స్ ఆరొందలు అని రాసి, రెండు లైన్లలో అదే జవాబు తెచ్చింది. ఆ కాగితం అమ్మమ్మకి చూపించింది.

అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "ఆల్జీబ్రా అంటే ఇదేనా?" అంది. ఇదే అమ్మమ్మా, మొదలు ఇదే అన్నాను.

"దీనికా మమ్మల్ని ఆ గదిలోకి రానివ్వంది?" అంది. కోపంగా ఏమీ కాదు. ఆశ్చర్యంగా.

ఆ తర్వాత ఎవరం ఏమీ మాట్లాడలేదు.

మేనకోడలి మార్కులు మరుసటి నెలకే పెరిగిపోయాయని రాస్తే మీరు నమ్మరు, నేనూ రాయను. పెద్దగా పెరగలేదు. ఇప్పటికీ వారానికి రెండుసార్లు ఫోన్లో కూర్చుంటున్నాం, నేను జవాబు చెప్పను, ఆగుతాను అంతే. ఆగడం చాలా కష్టం అని నాకిప్పుడు తెలిసింది. అయితే ఒక మార్పు వచ్చింది. ఇదివరకు "నాకు లెక్కలు రావు" అనేది. ఇప్పుడు "ఈ లెక్క రావట్లేదు మావయ్యా" అంటోంది. నా మట్టుకు నాకు ఈ రెండు వాక్యాల మధ్య తేడా చాలా పెద్దది. మొదటిది మనిషి గురించి. రెండోది లెక్క గురించి. లెక్కయితే కూర్చుని చెయ్యొచ్చు.

1823లో అరవై మంది. 1960లలో తొమ్మిదిమంది ఒక గదిలో. నా కాలంలో ఆఖరి సెక్షన్లో ఒక స్నేహితుడు. వీళ్ళెవరికీ ధీమా లోపించలేదు, కనీసం మొదట్లో. వరస ముందు గీశారు, ధీమా తర్వాత పోయింది. కాబట్టి మీ ఇంట్లో పిల్ల ఎవరైనా నాకు లెక్కలు రావు అంటే, దానికి ధైర్యం చెప్పేముందు ఒక ప్రశ్న అడగండి. ఆ మాట నీకు ముందు ఎవరు చెప్పారమ్మా?

మా ఇంట్లో అయితే చెప్పింది మేమేనని తేలింది.